నివేదికలో లేని వాక్యం

ఎవరికి అన్యాయం జరిగింది? మైలపల్లి నూకరత్నానికి. అప్పుడామె వయసు ఎనిమిదేళ్ళు. ఏమిటా అన్యాయం? కన్నతల్లి ప్రాణం పోతూ ఉంటే చూస్తూ కూర్చున్న పిల్ల అని ఆమెకు పేరు పడింది. నిజానికి ఆమె చూస్తూ కూర్చోలేదు. ఆ సంగతి స్పష్టంగా తెలిసినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ నోరు మెదపలేదు. ఒకరు డాక్టర్ అవసరాల త్రినాథ్. రెండో మనిషిని నేను. ఆయన ఇప్పుడు లేరు కనుక ఇద్దరి తరఫునా సమాధానం చెప్పవలసినది నేనే.

నా పేరు ఫిలోమినా సుగుణ. వయసు డెబ్బై నాలుగు. గుంటూరులో కన్యాస్త్రీల బడిలో చదువుకుని, కాకినాడలో ముప్పై నాలుగేళ్ళు సాంఘికశాస్త్రం బోధించాను. ఆ బడిలో మాకు మొట్టమొదట నేర్పింది చెయ్యెత్తడం. మోచెయ్యి వంచకుండా, అరచెయ్యి తెరిచి, సిస్టర్ మన పేరు పిలిచేవరకూ ఎత్తి ఉంచాలి. పిలవకుండా మాట్లాడిన పిల్ల ఆ పూటంతా గోడవైపు తిరిగి నిలబడాలి. నేను ఒక్కసారి కూడా గోడవైపు తిరిగి నిలబడలేదు. అందుకు చాలాకాలం గర్వపడ్డాను.

త్రినాథ్ గారి పరిశోధనశాల సముద్రానికి మైలు దూరంలో ఉండేది. నేను మొదటిసారి వెళ్ళిన రోజున అక్కడ ఒక ఆటో డ్రైవరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పనిచేయడం లేదు. త్రినాథ్ గారు అతని వేళ్ళు పట్టుకుని చొక్కా గుండీ ఒకటి పెట్టించారు. ఆ ఒక్క గుండీకి పావుగంట పట్టింది. తరువాత అతని నుదుటికి బట్టతో చేసిన ఒక పట్టీ కట్టి పడుకోబెట్టారు. గంటసేపు నిద్రపోయి లేచిన మనిషి, మాతో కబుర్లు చెబుతూనే, చూపు కిందికి దించకుండా, ఆరు గుండీలూ పెట్టుకున్నాడు.

"ఏం జరిగింది?" అని అడిగాను.

"పశువు మేసినదాన్ని నెమరు వేస్తుంది కదండీ టీచరుగారూ, మెదడు కూడా నిద్రలో అంతే. పొద్దున్న చేసిన పనిని మళ్ళీ మళ్ళీ చేసుకుంటుంది. ఈ పట్టీ ఆ నెమరును పదివేల సార్లు వేయిస్తుంది. ఒక్కసారి చేసిన పని పదేళ్ళ అలవాటు అయిపోతుంది."

ఆటో డ్రైవరు నవ్వాడు. "డాట్రుగారూ, మాయావిడ తిట్లు పదిహేనేళ్ళ అలవాటండి. అవి మర్చిపోయే పట్టీ ఏదన్నా ఉంటే కట్టెయ్యండి బాబూ, మీకు పుణ్యవుంటాది."

"నాకు వేయించడమే వచ్చునయ్యా, తీయించడం రాదు" అన్నారు త్రినాథ్ గారు. ముగ్గురం నవ్వుకున్నాం.

నన్ను పిలిపించిన కారణం ఆయన ఆ తరువాత చెప్పారు. వరసలో నిలబడటం, వంతు వచ్చేవరకు ఆగటం, చెత్త బుట్టలో వేయటం ఇవన్నీ శరీరం చేసే పనులే. పెద్దవాళ్ళకు చెబితే ఎక్కవు. ఏడెనిమిదేళ్ళ వయసులో, మధ్యాహ్నం పడుకునే గంటలో, ఈ పట్టీ ద్వారా అలవాటు చేస్తే, లంచం తీసుకోవడానికి చెయ్యి చాచలేని ఒక తరం తయారవుతుందని ఆయన ఆశ. నియమాలు రాసిపెట్టే మనిషి కావాలి. కాకినాడలో పౌరశాస్త్రం నాకంటే కచ్చితంగా చెప్పేవాళ్ళు లేరని ఎవరో ఆయనకు చెప్పారట. నేను ఆ మాటను కాదనలేదు.

నలభై నియమాలు రాశాను. మొదటి నియమం: పెద్దల ఎదుట మాట్లాడవలసి వస్తే చెయ్యెత్తాలి, పేరు పిలిచాకే మాట్లాడాలి. రెండో నియమం: అనుమతి లేకుండా కూర్చున్న చోటు విడవరాదు. మిగిలిన ముప్పై ఎనిమిదింటితో ఈ కథకు పనిలేదు.

మూడో తరగతి పిల్లలు ముప్పై ఒక్క మంది. అందరూ సముద్రపు ఒడ్డు పేటల పిల్లలు. తల్లిదండ్రులు అనుమతి పత్రాల మీద వేలిముద్రలు వేశారు. పరిశోధనశాలలోనే ఒక గదిని తరగతి చేశాం. పొద్దున్న పాఠం, మధ్యాహ్నం భోజనం, తరువాత పట్టీతో నిద్ర. పాఠం పొడిగా ఉండకూడదని తరగతిలో ఒక ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశాను. చీటీలతో ఎన్నిక జరిగింది. చెప్పులు వరసగా పెట్టించడానికి ఒక మంత్రి, సుద్దముక్కలకు ఒక మంత్రి. నీళ్ళ మంత్రిగా నూకరత్నం పందొమ్మిది ఓట్లతో గెలిచింది.

ఆ పిల్ల నల్లగా, సన్నగా, గొంతు మాత్రం పడవ మీదినుంచి ఒడ్డుకు వినబడేటట్టు ఉండేది. పట్టీలు ఇంకా మొదలు కాని వారంలో ఆమె రెండు చట్టాలు ప్రవేశపెట్టింది. మూత లేని కుండలో నీళ్ళు తాగరాదు. గ్లాసు ముంచినవాడి చెయ్యి వాసన చూడబడును.

"వాసన చూడటం ఎందుకమ్మా?" అన్నాను.

"ఈళ్ళు సేపలట్టుకుని సేతులు కడుక్కోరండి. మాయమ్మ కూడా నా సెయ్యి వాసన సూసే అన్నం ఎడతాదండి."

తరగతి అంతా నవ్వింది. ఆ చట్టం నెగ్గింది.

ఆ వారంలోనే ప్రభుత్వం అంటే ఏమిటో చెప్పాను. ప్రజలు అడుగుతారు, ప్రభుత్వం వింటుంది, తరగతిలో మీరు చెయ్యెత్తితే నేను విన్నట్టే అన్నాను. నూకరత్నం లేచి నిలబడింది.

"టీచరుగారూ, మనం సెయ్యెత్తినా గవర్నమెంటు ఇటేపు సూడకపోతేనండి?"

"చూసేవరకూ ఎత్తి ఉంచాలి" అన్నాను.

నేను చేసిన తప్పు అదే. చట్టం మీద ఎన్నో పుస్తకాలు చదివిన మనిషిని. చెయ్యి చూడని అధికారి ముందు కేక వేసే హక్కు పౌరుడికి ఉందని నాకు తెలుసు. కానీ తరగతిలో కేక వేసే హక్కు గురించి నేను జీవితంలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ మరుసటి సోమవారం నుంచి పట్టీలు కట్టాం.

మూడు నెలల్లో ఆ గది ప్రార్థనా మందిరంలా తయారైంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయి వెళ్ళేవారు. తమలో తాము పిల్లలు మామూలుగానే అరుచుకునేవారు, కొట్టుకునేవారు. తెల్లకోటు గాని, బల్ల వెనక మనిషి గాని, నేను గాని కనబడగానే ముప్పై ఒక్క నోళ్ళు మూతపడేవి. నేనది క్రమశిక్షణ అనుకున్నాను.

నాలుగో నెలలో నూకరత్నం తల్లి దానమ్మకు పట్టణంలోని ఒక ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు మధ్యాహ్నం మంచం పక్క కూతురు కూర్చుని ఉండగా, మగతలో ఉన్న ఆమెకు లోపల కుట్లు ఊడి రక్తం పోవడం మొదలైంది. దుప్పటి తడిసింది. నర్సు అదే వార్డులో, ఆరు మంచాల అవతల, బల్ల దగ్గర అటు తిరిగి కూర్చుని రాసుకుంటోంది. నర్సు లేచి ఇటు తిరిగేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. దానమ్మ ఆ సాయంత్రం చనిపోయింది.

ప్రయోగంలో ఉన్న పిల్లల ఇళ్ళల్లో ఏ అసాధారణమైన సంఘటన జరిగినా మేము నివేదిక ఇవ్వాలన్నది నిబంధన. వివరాలు సేకరించడానికి నేనే ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు ఏడుస్తూ తన తప్పు తాను ఒప్పుకుంది. పిల్ల తండ్రి పోలయ్య తాను వరండాలోనే ఉన్నానన్నాడు. పక్క మంచం మీద బంగారమ్మ అనే రోగి ఉంది. ఆమెను అడిగాను.

"నాకు కళ్ళు మసకండి. పిల్ల కనబడింది గానీ రగతం కనబళ్ళేదు. ఆ పిల్ల బళ్ళో కూకున్నట్టు కూకుని సెయ్యి పైకెత్తిందండి. ఆడుకుంటంది గావాలనుకున్నాను. ఎంతసేపైనా దింపదే! రెండో సేత్తో ఈ సేతిని ఊతం అట్టుకుంది, నొప్పి పుట్టిందేమో. ముక్కు ఎగబీలుత్తంది. 'ఏటే అమ్మా?' అన్నాను. నాకేసి సూళ్ళేదు. నర్సమ్మకేసే సూత్తంది."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాను. బస్సులో తిరిగి వస్తూ ఆ కాగితాన్ని చదవలేదు. చదవవలసిన అవసరం లేదు.

మరుసటి రోజు పొద్దున్న, నూకరత్నం లేని తరగతిలో, ఎవరికీ చెప్పకుండా ఒక పరీక్ష చేశాను. పాఠం మధ్యలో గుండె పట్టుకుని నేల మీద పడిపోయాను. కళ్ళు పూర్తిగా మూయలేదు. నా తల పక్కన పడిన గడియారం కనబడుతూనే ఉంది. మొదటి నిమిషంలో ముప్పై చేతులు లేచాయి. మోచెయ్యి వంచకుండా, అరచెయ్యి తెరిచి. ఎవరూ కేక వేయలేదు. ఎవరూ కదలలేదు. రెండో నిమిషంలో ముందు వరసలోని ఒక పిల్ల ఏడవడం మొదలుపెట్టింది, నోరు తెరవకుండా. చెయ్యి మాత్రం దించలేదు. ఏడో నిమిషం వరకూ నేను నేల మీదే ఉన్నాను. అంతకంటే ఉండలేక లేచి కూర్చుని, ఒక్కొక్కరి పేరూ పిలిచాను. పిలిచిన పిల్ల పిలిచినట్టే "టీచరుగారూ, మీకేమైందండీ?" అని అడిగి కూర్చుంది. ముప్పై మందికి ముప్పై సార్లు నాకేమీ కాలేదని చెప్పాను.

త్రినాథ్ గారికి చెప్పాను. ఆయన అన్న మాట ఇది: "ముప్పైకి ముప్పై. నేను ఇరవై వస్తే చాలనుకున్నానండి."

"డాక్టరుగారూ, మీరిప్పుడు ఏమన్నారో మీకు వినబడిందా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వినబడిందండి. నాకొక నెల గడువివ్వండి. తీసేసే దారి వెతుకుతాను. ఈలోగా ఇది బయటికి పొక్కితే పరిశోధనశాల మూసేస్తారు. మూసేస్తే ఈ పిల్లలను బాగుచేసేదెవరు?"

ఆ వాదన నాకు నచ్చింది. పిరికివాళ్ళకు ఎప్పుడూ ఒక మంచి వాదన దొరుకుతుంది. నివేదిక ఆయనే రాశారు. అందులో నాలుగు వాక్యాలు. బాలిక తల్లి మంచం పక్కనే కూర్చుని ఉంది. బాలిక ఎవరినీ పిలవలేదు. బాలిక తండ్రి పది అడుగుల దూరంలో వరండాలోనే ఉన్నాడు. రక్తస్రావాన్ని సిబ్బంది గమనించేసరికి ఆలస్యమైంది. ఇందులో అబద్ధం ఏదీ లేదని, ఒక వాక్యం మాత్రమే లేదని నాకు నేను చెప్పుకుని సంతకం చేశాను. బంగారమ్మ కాగితం నా బైబిలులో పెట్టుకున్నాను.

దారి దొరకలేదు. పట్టీలను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు, తరగతి ఎత్తేశారు. పదకొండేళ్ళ తరువాత త్రినాథ్ గారు గుండెపోటుతో పోయారు. చివరి రోజు వరకూ వెతుకుతూనే ఉన్నారని విన్నాను.

గత ఏడాది మార్చిలో పత్రికలో ఒక వార్త చదివాను. రాష్ట్రంలోని ప్రాథమిక పాఠశాలలన్నిటిలోనూ పౌరవిద్యకు నెమరు పట్టీని వాడాలని ప్రతిపాదన వచ్చింది. అభ్యంతరాలు వినడానికి ఒక విచారణ సంఘాన్ని వేశారు. ప్రతిపాదకులు చూపించిన ఆధారాల్లో మొదటిది, ఇరవై రెండేళ్ళ కిందటి మా ప్రయోగం. పాల్గొన్న పిల్లల్లో ఎటువంటి హానీ నమోదు కాలేదని రాశారు. నిజమే. నమోదు చేయవలసిన మనిషి నమోదు చేయలేదు.

ముందు నూకరత్నం దగ్గరికి వెళ్ళాను. ఆమె జీవితం గురించి ఆమె అనుమతి లేకుండా మళ్ళీ ఏమీ చేయదలచుకోలేదు.

ఆమె రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తోంది. ముప్పై ఏళ్ళ మనిషి. తలకు గుడ్డ, చేతికి తొడుగులు, రబ్బరు బూట్లు. తోటివాళ్ళతో ఏదో చెప్పి పగలబడి నవ్వుతోంది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. అజమాయిషీ చేసే మనిషి గుమ్మంలో నన్ను ఆపి అడిగాడు.

"ఎవరు కావాలండి? సూత్తా కూకున్నమ్మా? ఆవిడకి చుట్టాలు కూడా ఉన్నారేటి?"

"ఆమెకు పేరుంది" అన్నాను.

"ఉందనుకోండి. ఆ పేరుతో పిలిస్తే ఎవరికీ తెలవదండి ఇక్కడ."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. తొడుగు వేసిన కుడిచెయ్యి పైకి లేచింది. నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి. ఆ చేతిని దించుకోవడానికి ఆమె చేసిన ప్రయత్నం నాకు కనబడింది. దించలేకపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

"మైలపల్లి నూకరత్నం" అని పిలిచాను.

చెయ్యి దిగింది. "బాగున్నారాండి టీచరుగారూ? ముసిలోరైపోయారు."

షెడ్డు వెనక మెట్ల మీద కూర్చున్నాం. పట్టీ గురించి, నివేదిక గురించి, బంగారమ్మ కాగితం గురించి అంతా చెప్పాను. నేను ఏదీ తగ్గించలేదు. ఆమె మధ్యలో ఆపలేదు. ఆపలేదా, ఆపలేకపోయిందా అన్న అనుమానం వచ్చి, ప్రతి నాలుగు మాటలకూ ఆమె పేరు పిలిచాను.

"నాకు తెలుసండి" అన్నది చివరికి. "పట్టీ అని తెలవదు గానీ, నా సెయ్యి నా మాట ఇనదని తెలుసు. రేషన్ ఆఫీసుకి ఎల్తే సెయ్యెత్తుకు నిలబడతానండి. నవ్వుతారు. ఇప్పుడు పక్కింటామెని తీసుకెల్తన్నాను, ఆవిడే నా పేరు పిలుత్తాది."

"రత్నం, విచారణ సంఘం ముందు ఆ వాక్యాన్ని నమోదు చేయిస్తాను. నీకు ఇష్టమైతేనే. నువ్వు కూడా రావచ్చు."

ఆమె రబ్బరు బూటు మీది పొట్టు దులుపుకుంది. "నానెందుకండి? ఆఫీసులో సదివితే ఎవులింటారు? మీ మొదటి కాయితం మా ఇంటికొత్తే పేటలో సదివారు, తెలుసాండి? కులపెద్ద అందరినీ కూకోబెట్టి సదివించాడు. 'బాలిక ఎవరినీ పిలవలేదు.' ఆ మాట నాకు నోటికొచ్చు. ఆ రోజు నుంచీ నాకా పేరు. కొత్త పడవ దింపితే నన్ను దూరంగా ఉండమంటారు. మా నాన్న నాతో మాటాడ్డం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటాం. గోడతో సెప్పినట్టు సెప్తాడు."

"అయితే?"

"మీ కొత్త కాయితం కూడా అక్కడే సదవండి. మీరే సదవండి. కాయితం పంపిత్తే కుదరదు."

అదొక్కటే ఆమె అడిగింది.

విచారణ సంఘానికి అధ్యక్షురాలు పదవీ విరమణ చేసిన ఒక న్యాయమూర్తి. నాకు గంటన్నర ఇచ్చారు. ప్రతిపాదకుల తరఫు న్యాయవాది చిన్నవాడు, చురుకైనవాడు.

"ఇరవై రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నారు మేడమ్?"

"పిరికితనం వల్ల."

అతను వేరే సమాధానం కోసం సిద్ధమై వచ్చాడు. కాగితాలు తిరగేశాడు. "ఒక్క నియమం సరిగా రాయకపోవడం మీ పొరపాటు. దానికి పరికరాన్ని తప్పుపడితే ఎలా? నియమాలు సరిచేసి వాడుకోవచ్చు కదా?"

"బాబూ, నేను కాకినాడలో అందరికంటే జాగ్రత్తగా రాసే మనిషినని నన్ను పిలిచారు. నలభై నియమాల్లో రెండు ఒక మనిషి ప్రాణం తీశాయి. మీ నియమాలు ఎవరు రాస్తారు? ఆ మనిషి తప్పు రాస్తే, అది తప్పు అని చెప్పడానికి పిల్లలకు నోరెక్కడుంటుంది? చట్టం తప్పని చెప్పగలిగినవాడే పౌరుడు. మేము తయారుచేసింది పౌరులను కాదు."

అధ్యక్షురాలు మరి ముగ్గురు పాత విద్యార్థులను పిలిపించారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు గృహిణి, ఒకరు లారీ డ్రైవరు. ముగ్గురూ గుమ్మంలోకి వస్తూనే చేతులెత్తారు. న్యాయవాది ఆ తరువాత ప్రశ్నలు వేయలేదు. ప్రతిపాదన తిరస్కరించారు. పాత నివేదికను తెప్పించి అయిదో వాక్యం చేర్చి, సంఘం ముద్ర వేసి, ఒక ప్రతి నాకిచ్చారు. పాత విద్యార్థులందరికీ ప్రభుత్వ కార్యాలయాల్లో పేరు పిలిచి మాట్లాడించాలని ఉత్తర్వు కూడా ఇచ్చారు. మంచి ఉత్తర్వే. నూకరత్నం అడిగింది మాత్రం అది కాదు.

తరువాతి ఆదివారం పొద్దున్న పదిగంటలకు పేటకు వెళ్ళాను. పడవలు వచ్చి చేపల వేలంపాట ముగిసింది. పాట జరిగే రేకుల షెడ్డు కిందనే జనం కూర్చున్నారు, వంద మందికి తగ్గకుండా. కులపెద్ద ముసలివాడు, కుర్చీలో ఉన్నాడు. వెనక స్తంభానికి ఆనుకుని నూకరత్నం తండ్రి పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన నాకంటే చిన్నవాడు, చూడటానికి పెద్దవాడు. నూకరత్నం ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది.

నిలబడే చదివాను. ముందు నేను ఎవరో చెప్పాను, ఏం చేశానో చెప్పాను. తరువాత ఆ వాక్యం. "బాలిక ఇరవై నిమిషాలపాటు చెయ్యెత్తి సహాయం అడిగింది, అలా తప్ప మరోలా అడిగే శక్తిని పరిశోధకులైన త్రినాథ్, ఫిలోమినా సుగుణ ఆమె శరీరంలోనుంచి తీసివేశారు, తల్లి మరణంలో బాలిక దోషం ఏమీ లేదు."

ఒక ముసలామె మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళూ ఏటి సేశావమ్మా నువ్వు? సదువుకున్నదానివి. పిల్లకి వయసంతా అయిపోయింది."

"ఊరుకున్నానమ్మా. తప్పు చేశాను."

"తప్పంట, తప్పు! మా వలలో సిల్లు పడితే మేవు తప్పంటే సేపలాగుతాయా?"

"ఆగవమ్మా" అన్నాను.

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. "నర్సుని పిలవలేకపోయింది సరేనమ్మా. తండ్రి పదడుగుల్లో ఉన్నాడు కదా. ఒక్క పరుగు తీసి తండ్రికన్నా సెప్పొచ్చు కదా?"

"అనుమతి లేకుండా చోటు విడవకూడదన్నది రెండో నియమం. అది కూడా నేనే రాశాను."

"కదలకపోతే మానె. ఈడు వరండాలోంచి తొంగి సూసినా సెయ్యెత్తిన పిల్ల కనబడాలి కదా! ఏం పోలయ్యా? ఇరవై నిమసాలు ఒక్కపాలి కూడా సూళ్ళేదేటి నువ్వు?"

పోలయ్య చేతిలో వల ఆగింది. లేచి నిలబడ్డాడు. చాలాసేపు కులపెద్ద వైపే చూశాడు. తరువాత ఆడవాళ్ళ వరస చివరికి చూశాడు.

"రత్నం" అని పిలిచాడు.

షెడ్డు కింద గొణుగుడు ఆగిపోయింది. ఆ తండ్రి నోట ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో వాళ్ళకు తెలుసు. నూకరత్నం లేచి నిలబడింది.

"నాను వరండాలో లేను" అన్నాడు పోలయ్య. "మా పడవ వొచ్చిందని కబురొత్తే రేవుకెల్లాను. 'నానొచ్చేదాకా అమ్మని సూత్తా కూకో, కదలకు' అని పిల్లకి సెప్పి ఎల్లాను. గంటకి తిరిగొచ్చాను. అప్పటికే డాట్రులు మూగి ఉన్నారు. వరండాలోనే ఉన్నానని అందరికీ సెప్పేశాను. ఈ టీచరమ్మకీ సెప్పాను. రాసుకున్నాది. అందరూ పిల్లనంటంటే నానూ అన్నాను. పిల్లనంటంటే నన్నెవులూ అనలేదు."

నాలుగు వాక్యాల్లో అబద్ధం లేదని ఇరవై రెండేళ్ళు నమ్మాను. మూడో వాక్యం అబద్ధం. చదువురాని మనిషి మాటను నేను ఎవరినీ అడగకుండా రాసుకున్నాను, ఎందుకంటే అది నాకు పనికొచ్చింది.

నూకరత్నం తండ్రినే చూస్తోంది. "నాకు తెలుసు నాన్నా. నువ్వు పడవ కాడికెల్లావని నాకు తెలుసు."

"తెలిసీ ఎప్పుడూ సెప్పలేదేటే?"

"నన్నెవులడిగారు?"

ఎవరూ అడగలేదు. నర్సును అడిగాను, బంగారమ్మను అడిగాను, పోలయ్యను అడిగాను. ఎనిమిదేళ్ళ పిల్లను అడగడానికి నాకు తోచలేదు. పౌరశాస్త్రం చెప్పే మనిషిని.

పోలయ్య జనం మధ్యలోంచి నడిచి కూతురి ఎదుటికి వెళ్ళాడు. నేల మీద మోకాళ్ళూని రెండు చేతులూ జోడించాడు. పేటలో తండ్రి కూతురికి అలా చేయగా ఎవరూ చూసి ఉండరు. ఆడవాళ్ళు కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నూకరత్నం ఆయన్ను వెంటనే లేవనెత్తలేదు. అలా ఉండనిచ్చింది. అందరూ చూసేవరకూ ఉండనిచ్చింది. తరువాత భుజం పట్టుకుని లేపింది.

నేను సంచిలోనుంచి కలం తీశాను. సంఘం ముద్ర ఉన్న ప్రతి మీద రాసే అధికారం నాకు లేదు. తెల్లకాగితం మీద పోలయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను, మూడో వాక్యం తప్పని, ఆ తప్పు నాదని కింద రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు, నేను సంతకం చేశాను, సాక్షిగా కులపెద్ద సంతకం చేశాడు. మరుసటి రోజు సంఘానికి పంపుతానని చెప్పి, ముందు ఆ కాగితాన్ని గట్టిగా చదివాను. ముసలామె "ఇంకోపాలి సదువు, అటేపోళ్ళకి ఇనబళ్ళేదు" అన్నది. మళ్ళీ చదివాను.

చదవడం అయ్యాక ఆ కాగితాన్ని నూకరత్నం చేతికిచ్చాను. ఆమె దాన్ని తలకిందులు కాకుండా పట్టుకుని, మొదటినుంచీ చివరిదాకా, పెదవులు కదుపుతూ చదువుకుంది. రెండు వేళ్ళు పెట్టి పోలయ్య వేలిముద్ర మీద తడి ఆరిందో లేదో చూసింది.

"నూకరత్నం," అన్నాను, "నేను ఇంకా నీకేమైనా బాకీ ఉన్నానా?"

ఆమె ఆలోచించింది. మర్యాదకు చెప్పే సమాధానం కాదు అది, నిజంగా ఆలోచించింది. షెడ్డు కింద వంద మంది ఆగారు.

"లేదండి. మీది తీరిపోయింది" అన్నది. తండ్రి వైపు తిరిగింది. "నీది కూడా."